పేజీల లెక్క వ్యాసం వచ్చిన రోజే వేయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

పరిశోధన జర్నల్‌లో వ్యాసం ఆమోదం పొంది ఏడాది గడిచినా అచ్చులో కనబడటం లేదని పరిశోధకులు వాపోవడం మామూలైపోయింది. ఆ జాప్యాన్ని, వ్యాసం బాగోగులు తేల్చే సమీక్షకుల బద్ధకానికో, సంపాదకుల పక్షపాతానికో అంటగట్టేస్తుంటారు. అవి లేవని మేం అనం. కానీ ఆమోదం ఉత్తరం వెళ్లిన రోజుతో సమీక్షకుడి ప్రమేయం తీరిపోతుంది. ఆపైన వ్యాసం వరసలో కూర్చుంటుంది. ఆ వరస ఎంత పొడుగన్నది కూడికలూ భాగహారాలూ తేల్చే సంగతి. జర్నళ్ల ప్రొడక్షన్ పని తెలిసినవాళ్లుగా ఆ లెక్క ఎలా వేస్తారో, ఎక్కడ తప్పుతుందో రాస్తున్నాం. ఉత్తరం కాస్త పొడుగే. స్థలం చాలకపోతే ఎక్కడ కత్తెర వేయాలో మీకు మేం చెప్పనక్కర్లేదు.

ఏడాదికి ఆరు సంచికలు, సంచికకు 112 పేజీలు వేసే జర్నల్ ఒకటి ఉందనుకుందాం. మొత్తం 672 పేజీలు. సంపాదక మండలి వివరాలు, విషయసూచిక, పుస్తక సమీక్షలు, సవరణలు కలిపి సంచికకు 12 పేజీలు పోతాయి. వ్యాసాలకు మిగిలేవి ఏడాదికి 600, అంటే నెలకు 50. సగటు వ్యాసం 20 పేజీలైతే ఏడాదికి పట్టేవి 30. ఇప్పుడు మండలి కాస్త ఉదారంగా 36 ఆమోదించిందనుకోండి. రెండు నెలలకు ఒక వ్యాసం ఎక్కువ, అంతే. ఎవరి కంటికీ ఆనదు. ఏడాది తిరిగేసరికి 120 పేజీలు మిగిలిపోతాయి. మూడేళ్లకు 360. నెలకు 50 చొప్పున అవి తరగడానికి ఏడు నెలలు దాటుతుంది. నాలుగో ఏడు ఆమోదం పొందిన రచయిత, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే, ఏడు నెలల వెనక నిలబడతాడు.

ఈ నిల్వను వ్యాసాల సంఖ్యలో చెప్పుకోవడం మొదటి పొరపాటు. ‘మా దగ్గర 18 వ్యాసాలున్నాయి’ అంటే ఏమీ చెప్పనట్టే. అవి నాలుగేసి పేజీల చిన్న నివేదికలైతే 72 పేజీలు, ముప్ఫయ్యేసి పేజీల చారిత్రక వ్యాసాలైతే 540. మొదటిది నెలన్నర పని, రెండోది దాదాపు పదకొండు నెలలు. ఆమోదమై ఎదురుచూస్తున్న పేజీలను నెలకు వేయగల పేజీలతో భాగించి, నిల్వను నెలల్లో చెప్పాలి. మా అంచనాలో రెండు నుంచి నాలుగు నెలల నిల్వ ఆరోగ్యం. అంతకు తగ్గినా ప్రమాదమే: ఒక్క రచయిత ప్రూఫు తిప్పి పంపకపోతే సంచిక పలచబడుతుంది, లేదా ఆగిపోతుంది. నాలుగు దాటితే ఆమోదాలు తగ్గించాలి, లేదా పేజీలు పెంచాలి. మూడో దారి లేదు. నిల్వ తీర్చడానికి ఒక జంట సంచిక వేసేద్దాం అనేవాళ్లుంటారు. వేయొచ్చు. కానీ లోపలికొచ్చే ధార అలాగే ఉంచి ఒక్కసారి తోడేస్తే రెండేళ్లలో మళ్లీ అక్కడికే వస్తారు.

ప్రత్యేక సంచికలది ఇంకో కథ. అతిథి సంపాదకుడికి మాట ఇచ్చేటప్పుడు ఆ పేజీలు ఎక్కడి నుంచి వస్తాయో ఎవరూ అడగరు. పైన చెప్పిన జర్నల్‌లో 100 పేజీల ప్రత్యేక సంచిక అంటే మామూలు వరస రెండు నెలలు కదలకుండా నిలబడటం. మాట ఇచ్చిన రోజే ఆ 100 పేజీలను ఏడాది లెక్కలోంచి తీసేయాలి, సంచిక తయారయ్యాక కాదు.

ఇక వ్యాసం పొడవు. సంపాదకుల దగ్గర తరచూ ఉండే లెక్క ‘ఎనిమిది వేల పదాలకు మించకూడదు’ అన్న నియమం ఒక్కటే. పదాల పరిమితి పేజీల పరిమితి కాదు. బొమ్మలు, పట్టికలు, ఆధారాల జాబితా పదాల లెక్కకు అందవు, అందినా సగమే అందుతాయి. పేజీల అంచనా వేయడానికి దారి ఇది. పాత సంచికలోంచి బొమ్మలూ ఉపశీర్షికలూ లేని నిండు పేజీలు మూడు తీసుకోండి. పేజీకి 45 లైన్లు, లైనుకు ఖాళీలతో కలిపి 66 అక్షరాలు వచ్చాయనుకుంటే 2,970. పేరాల చివర సగంలో ఆగే లైన్లకు పదో వంతు తీసేస్తే రమారమి 2,700. ఇదే మీ జర్నల్ కొలబద్ద. చేతికొచ్చిన వ్యాసంలో మూలపాఠం 40,500 అక్షరాలుంటే 15 పేజీలు. పేజీలో మూడో వంతు తీసుకునే బొమ్మలు నాలుగు: ఒక పేజీ, ఇంకో మూడో వంతు. అరపేజీ పట్టికలు రెండు: ఒక పేజీ. శీర్షిక, రచయితల పేర్లు, సారాంశం: మూడింట రెండు వంతులు. ఆధారాలు 40, చిన్న టైపులో ఒక్కోదానికి రెండున్నర లైన్ల చొప్పున 100 లైన్లు. చిన్న టైపు పేజీకి 54 లైన్లు పడితే అవే దాదాపు రెండు పేజీలు. అన్నీ కలిపితే 20. పదాల పరిమితి మాత్రమే చూసే సంపాదకుడు ఇదే వ్యాసాన్ని 15 పేజీలని రాసుకుంటాడు. అలాంటివి ఐదు వేసుకుంటే సంచికలో 25 పేజీలు గాల్లోంచి పుట్టాలి.

ఈ పని వ్యాసం వచ్చిన రోజే, సమీక్షకు పంపకముందే చేయాలన్నది ఈ ఉత్తరంలో మేం నొక్కి చెప్పదలచుకున్న సంగతి. అప్పుడు ‘30 పేజీలొస్తోంది, 22కి తగ్గించి పంపండి’ అంటే రచయిత తగ్గిస్తాడు. సమీక్ష అయిపోయి, ఇద్దరు సమీక్షకులు అడిగినవన్నీ చేర్చి, ఆమోదం ఉత్తరం కూడా అందుకున్నాక అంటే కొట్లాటకు వస్తాడు. అది న్యాయం కూడా. సమీక్షలో వ్యాసం పెరుగుతుందే తప్ప తగ్గదు: ఇంకో పట్టిక వేయండి, ఫలానావాళ్ల పని ప్రస్తావించండి అనేవాళ్లే గాని, ఈ పేరా తీసేయండి అనే సమీక్షకుడు అరుదు. అందుకని సవరించిన ప్రతి వచ్చినప్పుడు లెక్క రెండోసారి వేయాలి. ఆధారాలను కూడా పరిమితిలోకి తేవాలి. వైద్య జర్నళ్లు ఎక్కువగా పాటించే వాంకూవర్ పద్ధతిలో ఆరుగురు రచయితల పేర్లు రాసి మిగిలినవారిని ‘తదితరులు’లో కలిపేస్తారు. జర్నళ్ల పేర్లను కుదించి రాయడానికి ఐఎస్‌ఓ 4 అనే ప్రమాణం ఉంది. ఈ రెండూ కలిస్తే ఒక్కో ఆధారానికి ఒక లైను ఆదా కావచ్చు. నలభై ఆధారాలకు నలభై లైన్లు.

బొమ్మల స్థలాన్ని పదాల్లోకి మార్చి కొలిచే పద్ధతి భౌతికశాస్త్ర జర్నల్ ఫిజికల్ రివ్యూ లెటర్స్‌ది. అక్కడ పరిమితి 3,750 పదాలు. ఒక కాలమ్ వెడల్పు బొమ్మకు, దాని వెడల్పును ఎత్తుతో భాగించి, వచ్చిన సంఖ్యతో 150ని భాగించి, 20 కలుపుతారు. చదరపు బొమ్మ అయితే 170 పదాలు. వెడల్పు ఎత్తుకు రెండింతలుంటే 95. విడిగా లైన్లో వచ్చే సమీకరణానికి 16, పట్టికకు 13 పైన లైనుకు ఆరున్నర. బొమ్మ నిలువుగా ఉంటే ఎంత తింటుందో రచయితకు తన కంప్యూటర్ దగ్గరే తెలిసిపోతుంది. మిగతా జర్నళ్లు ఈ సూత్రాన్నే తీసుకోనక్కర్లేదు. తమ పేజీకి తగ్గది ఒక పూటలో తయారు చేసుకోవచ్చు. ఎందుకు చేసుకోరో మాకు అర్థం కాదు.

అచ్చులో పేజీలు విడిగా పుట్టవు. ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం 16 పేజీలు వేసి, మడిచి, కోస్తారు. అదే ఫారం. 112 అంటే సరిగ్గా ఏడు ఫారాలు. సంచిక 113 పేజీలు వచ్చిందంటే ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం ఎత్తాలి, 15 తెల్ల పేజీలు వదలాలి. అర ఫారం వేసినా 7 వృథా. అందుకని 113 వచ్చినప్పుడు పేజీ మేకప్ చేసేవాడు ఒక పేజీ లాగడానికి, అంటే తగ్గించడానికి, కూర్చుంటాడు.

ఎలా లాగుతాడో చూడండి. ముందు ప్రతి వ్యాసం ఆఖరి పేజీ తీస్తాడు. ఒక వ్యాసం చివరి పేజీలో ఆరే లైన్లున్నాయి. ఆ ఆరూ వెనక్కి పోతే పేజీ మిగులుతుంది. ఇప్పుడు ఆ వ్యాసంలో ఆఖరి లైను ఒక్క మాటతో ముగిసే పేరాలు వెతుకుతాడు. ‘కావచ్చు.’ అన్న ఒక్క మాట కోసం ఒక లైను పోయిన పేరా దొరుకుతుంది. ఆ పేరాలో మాటల మధ్య ఖాళీని వెంట్రుకవాసి బిగిస్తే ‘కావచ్చు’ పై లైనులోకి ఎక్కుతుంది. టెక్ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో అయితే, ఒక లైను తగ్గించమని ఆ పేరాకు లూజ్‌నెస్ విలువ మైనస్ 1 ఇస్తారు. ఇన్‌డిజైన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ట్రాకింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, మైనస్ 5, మహా అయితే మైనస్ 10. అంతకు మించితే ఆ పేరా నల్లగా గడ్డకట్టినట్టు కనబడి పట్టిచ్చేస్తుంది. అలాంటి పేరాలు ఆరు దొరికితే పని అయిపోయినట్టే. దొరక్కపోతే బొమ్మ కింది వివరణలో రెండు లైన్లు, ఫుట్‌నోట్‌లో ఒకటి. ఇవి న్యాయమైన దారులు. ఒక్క వ్యాసానికే టైపు సైజు తగ్గించడం, లైన్ల మధ్య దూరం నొక్కేయడం, బొమ్మను అక్షరాలు చదవరానంత కుదించడం అన్యాయమైనవి. రెండో రకం చేసిన సంచికను పేజీలు తిప్పుతూనే గుర్తుపట్టొచ్చు.

పేజీలు ఊరికే పారబోసే అలవాటు ఇంకొకటుంది: ప్రతి వ్యాసం కుడి పేజీలోనే మొదలవ్వాలన్నది. వ్యాసం బేసి సంఖ్య పేజీలతో ముగిస్తే దాని వెనక పేజీ తెల్లగా వదలాలి. సంచికకు ఐదు వ్యాసాలైతే సగటున రెండున్నర పేజీలు, ఏడాదికి 15. దాదాపు ఒక ఫారం. వ్యాసాన్ని విడిగా కుట్టి రచయితకు ప్రతులు పంపే రోజుల్లో దీనికి అర్థం ఉండేది. ఇప్పుడు రచయితకు పోయేది పీడీఎఫ్. అలవాటు మాత్రం పోలేదు.

రంగు బొమ్మల దగ్గర ఫారం లెక్క తెలియకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. 16 పేజీల ఫారంలో కాగితానికి ఒక వైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16 పేజీలు పడతాయి. రెండో వైపు 2, 3, 6, 7, 10, 11, 14, 15. నలుపు ఒక్కటే అయితే వైపుకు ఒక అచ్చు ప్లేటు, రంగులైతే నాలుగు. రంగు బొమ్మలు 3, 6, 9 పేజీల్లో ఉన్నాయనుకోండి. 3, 6 ఒక వైపు, 9 రెండో వైపు. మొత్తం ఎనిమిది ప్లేట్లు. తొమ్మిదో పేజీ బొమ్మను పదో పేజీకి జరిపితే మూడూ ఒకే వైపుకు వచ్చి ఐదు ప్లేట్లతో సరిపోతుంది. పాఠంలో బొమ్మ ప్రస్తావన ముందే వచ్చి ఉంటుంది కాబట్టి ఒక పేజీ జరిగినా చదువరికి ఇబ్బంది లేదు. ఈ లెక్క ఫారంలో పేజీ స్థానానిది, పేజీ మీద అచ్చయ్యే సంఖ్యది కాదు. నంబరు వేయని మొదటి పేజీలను కూడా కలుపుకోవాలి. కొత్తవాళ్లు తప్పేది అక్కడే.

కాగితం బరువు, మందం సంపాదకుల పట్టింపు కాదనుకుంటారు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. 80 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 80 గ్రాముల) కాగితమైతే ఆకు బరువు 5 గ్రాములు. 112 పేజీలంటే 56 ఆకులు, 280 గ్రాములు, అట్ట కాక. ఒక ఫారం పెంచితే 40 గ్రాములు కలుస్తాయి. ఆ నలభైతో పోస్టు బరువు తరగతి మారితే ప్రతి కాపీ మీదా పడుతుంది. ఆకు మందం 0.1 మిల్లీమీటరు చొప్పున వెన్ను 5.6 మిల్లీమీటర్లు. అట్ట ముందే తయారు చేసేసి, తరవాత ఒక ఫారం పెంచితే వెన్ను 6.4 అవుతుంది. అప్పుడు వెన్ను మీది పేరు మధ్యలోంచి పక్కకు ఒరుగుతుంది. పేజీల సంఖ్య ఖాయమయ్యాకే అట్ట ఫైలు ప్రెస్సుకు పోవాలి.

బొమ్మల నాణ్యత గురించి రచయితలకు ఎన్ని సూచనలు రాసినా వచ్చేవి వస్తూనే ఉంటాయి. ఫోటోకు అచ్చు సైజులో అంగుళానికి 300 చుక్కలు, గీతల బొమ్మకు 1,200, రెండూ కలిసినదానికి 600 అడగడం వాడుక. కాలమ్ వెడల్పు 85 మిల్లీమీటర్లయితే ఫోటోకు కనీసం 1,004 పిక్సెళ్లు, గీతల బొమ్మకు నాలుగు వేల పైన కావాలి. తెర మీంచి తీసిన 600 పిక్సెళ్ల బొమ్మ అదే వెడల్పులో అంగుళానికి 180 చుక్కలకు దిగజారుతుంది. వర్డ్ ఫైల్లో అతికించిన బొమ్మ సేవ్ చేసేటప్పుడే కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి అసలు ఫైలు విడిగా తెప్పించుకోవాలి. 170 మిల్లీమీటర్ల వెడల్పున 10 పాయింట్ల అక్షరాలతో గీసిన గ్రాఫును ఒక కాలమ్‌లోకి దించితే అక్షరాలు 5 పాయింట్లవుతాయి. ఆరుకు తగ్గితే చదవలేం. ఎరుపు, ఆకుపచ్చ గీతలు నలుపు తెలుపు అచ్చులో ఒకే బూడిద రంగుకు వస్తాయి. ఒకటి నిండు గీత, ఒకటి చుక్కల గీత చేయించుకోవాలి.

ప్రూఫు దశకు వద్దాం. జాప్యంలో పెద్ద వాటా నిల్వదైతే, చిరాకులో పెద్ద వాటా దీనిది. ప్రూఫు చూసుకోవడానికి రచయితకు సాధారణంగా రెండు మూడు రోజులిస్తారు. అచ్చుతప్పులు, పేర్లు, అంకెలు సరిచూసుకోవడానికే అది. రచయిత మూడో పేజీలో పది మాటల వాక్యం ఒకటి చేరుస్తాడు. ఆ పేరా ఆఖరి లైను అప్పటికే నిండి ఉంది. కొత్త లైను పుట్టింది. పేజీ అడుగున ఫుట్‌నోట్ గుర్తు ఉన్న లైను కిందికి జారి నాలుగో పేజీకి పోయింది. గుర్తు వెంట ఫుట్‌నోట్ కూడా పోయింది. నాలుగో పేజీలో పట్టిక పట్టలేదు, ఐదుకు దూకింది. నాలుగో పేజీలో మూడో వంతు తెల్లగా మిగిలింది. ఆరో పేజీకి ఒక్క లైనుతో పేరా తోక వచ్చింది. పది మాటలు నాలుగు పేజీలను కదిపాయి. నిజంగా చేర్చక తప్పని వాక్యమైతే అదే పేరాలో అంత పొడవున ఏదో ఒకటి తీసేసి ఇమ్మని అడగాలి. కొత్త ఫలితాలు, కొత్త ఆధారాలు ప్రూఫులో చేరిస్తే సంపాదకుడి సంతకం లేకుండా తీసుకోకూడదు. సమీక్షకులు చూడని పాఠం అది.

సంపుటి పొడవునా పేజీ సంఖ్యలు వరసగా నడిచే జర్నళ్లలో ఒక వ్యాసం ఆఖరి నిమిషంలో తప్పుకుంటే దాని తరవాతి వ్యాసాలన్నింటి సంఖ్యలూ మారతాయి. ప్రూఫులన్నీ చేతికొచ్చాకే వరస ఖాయం చేయాలి. అన్ని పనులూ పూర్తయిన చిన్న వ్యాసం ఒకటి, పొడుగు వ్యాసం ఒకటి ఎప్పుడూ పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి. ఎవరు తప్పుకుంటే ఆ కొలతది దించడానికి. రెండు నెలల నిల్వ కావాలన్నది ఇందుకే.

అసలు ఈ పేజీల గొడవంతా ఎందుకు, ఆన్‌లైన్‌లో వేసేస్తే పోదా అని అడుగుతారు. చాలావరకు పోతుంది. తొలి సైన్స్ జర్నళ్లలో ఒకటైన ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ 1665లో మొదలైంది. అచ్చు జర్నళ్ల కాలమంతా వ్యాసానికి చిరునామా సంపుటి, పేజీ సంఖ్యలే. ఫిజికల్ రివ్యూ లెటర్స్ 2001లో పేజీ సంఖ్యలు మానేసి ఒక్కో వ్యాసానికి ఆరంకెల సంఖ్య ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో ముందు వ్యాసం ఎన్ని పేజీలన్నది తేలేదాకా తరవాతిది ఆగనక్కర్లేదు. 2006లో మొదలైన ప్లాస్ వన్ అనే జర్నల్‌కు అచ్చు సంచికే లేదు. తయారైన వ్యాసం తయారైనట్టు వెలువడుతుంది. వ్యాసాల గుర్తింపు సంఖ్యలను నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ 2000లో ఏర్పడినప్పటి నుంచి డీఓఐ అనే ఆ సంఖ్య ఒక స్థిరమైన చిరునామాగా పనికొస్తోంది.

అచ్చూ ఆన్‌లైనూ రెండూ నడిపే జర్నళ్లు ఇక్కడ తప్పులు చేస్తాయి. ముందు ఆన్‌లైన్‌లో పెట్టి తరవాత సంచికలో చేర్చినప్పుడు డీఓఐ ఒక్కటే ఉండాలి. సంపుటి, పేజీలు తెలిశాక క్రాస్‌రెఫ్‌లో వివరాలు నవీకరించాలి. ఈ రెండో పని మరిచిపోతారు. ఫలితంగా అదే వ్యాసాన్ని ఒకరు డిసెంబరు తేదీతో, ఇంకొకరు మరుసటేడు సంచికతో ఉదహరిస్తారు. డీఓఐ సంఖ్యలోనే పేజీని ఇరికించడం మరో తెలివితక్కువ పని: పేజీ మారినా డీఓఐ మారకూడదు కాబట్టి అది శాశ్వతంగా అబద్ధం చెబుతూ ఉంటుంది. అచ్చు రూపానికి, ఆన్‌లైన్ రూపానికి ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే జర్నల్ గుర్తింపు సంఖ్య, వేరువేరుగా ఉండాలి. ఒక్కటే రెండుచోట్లా వేసేసిన జర్నళ్లు కనబడుతూనే ఉంటాయి. వెలువడిన వ్యాసంలో తప్పు దొరికితే చప్పుడు చేయకుండా ఫైలు మార్చేయడం అన్నిటికన్నా చెడ్డది. సవరణ ప్రకటన వేరే డీఓఐతో వేసి, అటూ ఇటూ లింకు పెట్టాలి. దానికి సంచికలో ఒక పేజీ ముందే అట్టిపెట్టుకోవాలి.

ఆన్‌లైన్‌కు పేజీల ఖర్చు లేదు గానీ కాపీ ఎడిటింగ్, సమీకరణాల కూర్పు, ఎక్స్‌ఎమ్‌ఎల్ (కంప్యూటర్లు చదివేలా గుర్తులు పెట్టిన ఫైలు) తయారీ ఖర్చు అక్షరాల లెక్కనే పెరుగుతుంది. చదివేవాడి ఓపిక సరేసరి. అదనపు సమాచారం పేరుతో అరవై పేజీలు విడిగా తోసేసినా అదే తంతు. దాన్ని సమీక్షకుడు చదవడు, కాపీ ఎడిటర్ ముట్టుకోడు. దత్తాంశాలైతే (డేటా) డీఓఐ ఇచ్చే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టించి వ్యాసంలో ఆ సంఖ్య ఇవ్వడం మేలు.

తెలుగులో జర్నల్ వేసేవాళ్లకు రెండు మాటలు. పై గుడులు, కింది ఒత్తులు ఢీకొనకుండా 11 పాయింట్ల టైపుకు లైన్ల మధ్య 15, 16 పాయింట్లు కావాల్సి వస్తుంది. పేజీకి పట్టే లైన్లు తగ్గుతాయి. ఇంగ్లిష్ జర్నల్ కొలబద్ద అరువు తెచ్చుకోకండి. మన సమాసాలు పొడుగు కాబట్టి ఇరుకు కాలమ్‌లో మాటల మధ్య గుంతలు పడతాయి. రెండు కాలమ్‌ల పేజీకి ఆశపడకపోతే మంచిది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకదు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతుంటాయి. మార్చాక మళ్లీ ప్రూఫు చదవాల్సిందే. పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, వెనక రాసే అలవాటు పాశ్చాత్యులది. గడులు తారుమారైతే ఒకే రచయిత సూచీల్లో ఇద్దరుగా చీలిపోతాడు. ఏది ఇంటిపేరో రచయితనే అడిగి రాసుకోవాలి. పరిశోధకులకు గుర్తింపుగా 2012 నుంచి ఇస్తున్న పదహారంకెల ఆర్కిడ్ సంఖ్య తీసుకుంటే ఆ చీలిక చాలావరకు తప్పుతుంది.

జర్నళ్లను మేం కోరేది పెద్దదేం కాదు. ప్రతి వ్యాసం కింద అందిన తేదీ, సవరించి పంపిన తేదీ, ఆమోదించిన తేదీ, వెలువడిన తేదీ వేయండి. సంపాదక మండలి వివరాల పేజీలో ఏడాదికి వ్యాసాల పేజీలెన్నో, ఇప్పుడు నిల్వ ఎన్ని నెలలో రెండు లైన్లు వేయండి. అవి వేయని జర్నల్‌కు పంపబోయే రచయితలు దాని గత రెండు సంచికలు తెచ్చుకుని, ఆమోదం తేదీ ఉన్న వ్యాసాలన్నింటికీ సంచిక తేదీతో తేడా పక్కన రాసుకోండి. తేదీలే లేకపోతే ఆ జర్నల్ ఆఫీసుకు ఫోన్ చేసి, నిల్వ ఎన్ని పేజీలని అడగండి. ఎన్ని వ్యాసాలో చెప్పబోతే ఆపి, పేజీల్లోనే అడగండి.

ఇట్లు,
జర్నళ్ల ప్రొడక్షన్ పనిలో ఉన్న కొందరు